ఉయ్యాల ఎన్నిసార్లు కట్టారు?

నాకు ఎండీ సీటు వచ్చిందని చెప్పిన రోజున మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ జబ్బుకే?" అని.

ఏ జబ్బుకీ కాదని చెప్పాను. గుండెకి కాదు, కళ్ళకి కాదు, పురుళ్ళకీ కాదు. జబ్బులు రాకముందే పల్లెలు తిరిగి, ఎవరికొస్తున్నాయో, ఎందుకొస్తున్నాయో చూసి, రాకుండా ఏం చేయాలో నేర్చుకునే చదువు. అమ్మ చేటలో బియ్యం ఏరుతూనే, "మరి జబ్బు నేకపోతే జనం నీ కాడికెందుకొస్తారు?" అంది. వాళ్ళు రారు, నేనే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలన్నాను.

"ఓలమ్మా! డాట్రువయ్యుండి ఇంటింటికీ తిరుగుతావేటి?"

అంతే. మళ్ళీ ఆ ప్రస్తావన ఎత్తలేదు. మా అమ్మ ఏ మాటైనా ఒక్కసారే అంటుంది. రెండోసారి వినాలంటే మనమే అడగాలి. నాకేమో కోపం ముక్కు మీద ఉండేది, అడిగే ఓపిక ఉండేది కాదు.

నిజం చెప్పాలంటే ఆ సీటు నేను కోరుకున్నది కాదు. నాకు పిల్లల వైద్యం కావాలి. మార్కులు చాలక ఇది దొరికింది. డెబ్బైలు అయిపోవస్తున్న రోజులు. విశాఖపట్నంలో నా తోటివాళ్ళంతా మెడలో స్టెతస్కోపులు వేసుకుని వార్డుల్లో తిరుగుతుంటే, నేను ఏ నూతిలో ఎంత బ్లీచింగ్ పౌడరు కలపాలో లెక్కలు వేసేదాన్ని. "దోమల డాక్టరుగారూ" అని పిలిచేవాళ్ళు. మా ప్రొఫెసరుగారు మాత్రం ప్రాథమిక ఆరోగ్యం అన్న మాటని ప్రార్థన చేసినట్టు పలికేవారు. ఆస్పత్రి గుమ్మం దాకా రాలేని మనిషి ఉంటే ఆ మనిషి గుమ్మంలోకి మనమే వెళ్ళాలని రోజూ అదే పాట. వినగా వినగా నాకూ కొంత ఎక్కింది, అబద్ధమెందుకు.

థీసిస్‌కి విషయం ఆయనే ఇచ్చారు. ఏడాది లోపు పిల్లలు ఎంతమంది పోతున్నారు, ఎందుకు పోతున్నారు అన్నది. చోటు కూడా ఆయనే చెప్పారు. "మీది నర్సీపట్నం కదమ్మా, ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే చెయ్యి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆ జనం భాష నీకొచ్చు, ఆ జనం నీకు తెలుసు."

తెలుసనే నేనూ అనుకున్నాను.

మా ఇల్లు చర్చి వెనక వీధిలో, రెండు గదుల పెంకుటిల్లు. నాన్న మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి, నా చిన్నప్పుడే పోయారు. అమ్మ మిషన్ బడిలో చిన్న తరగతుల టీచరు. బడిలో పుస్తకాల తెలుగు మాట్లాడేది. ఇంటికొచ్చి చెప్పులు విడిచిందంటే మా ఊరి తెలుగులోకి దిగేది. ఏ తెలుగులోనైనా తక్కువే మాట్లాడేది. నేను ఒక్కతే కూతుర్ని. బడి దరఖాస్తు దగ్గర్నుంచి మెడికల్ కాలేజీ ఫారం దాకా, తోబుట్టువులు అన్న చోట "లేరు" అని రాసుకుంటూ పెరిగినదాన్ని.

ముందుగది దూలానికి రెండు ఇనప కొక్కేలు ఉండేవి. వాటికి తాడు కట్టి ఊగుతానని గోల చేస్తే అమ్మ ఒప్పుకునేది కాదు. "అయి నీ ఉయ్యాల కొక్కేలు. పాలు తాగినప్పుడు ఊగేవు, సాలు," అనేది. వీధిలో ప్రతి ఇంట్లో నలుగురైదుగురు పిల్లలు. కొట్టుకునేవాళ్ళు, మళ్ళీ ఒకే కంచంలో తినేవాళ్ళు. నాకు కొట్టుకోవడానికైనా ఒకరు లేరు. "నాకు తమ్ముణ్ణి తెచ్చిపెట్టవే" అని ఏడిస్తే అమ్మ, "పుస్తకం తియ్యి," అనేది.

నాతో ఆడింది ఎదురింటి మామ్మ ఒక్కతే. రైతుల ఇల్లు వాళ్ళది, పెరట్లో ఆవు ఉండేది. నేను కనబడితే చాలు, "ఒలే గుంటా, నువ్వు మీ అమ్మ కూతురివి కాదే. శేరు తవుడిచ్చి నిన్ను నాను కొనుక్కున్నాను. బేగి మా ఇంటికొచ్చీ," అని ఏడిపించేది. తవుడిచ్చి కొన్నామని పిల్లల్ని ఏడిపించని ఇల్లు మా వైపు ఉండదు కాబట్టి నేనూ నవ్వేసేదాన్ని. అమ్మ మాత్రం ఆ మాట వింటే మొహం ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయేది. సరసం తెలియని మనిషి అనుకునేదాన్ని. నేను కాలేజీలో ఉండగానే మామ్మ పోయింది.

ఏళ్ళ తరబడి హాస్టల్లో ఉండి, థీసిస్ పుణ్యమా అని మళ్ళీ ఆ ఇంటికి వచ్చి పడ్డాను. నా ఈడు ఆడపిల్లలందరూ పెళ్ళిళ్ళై పిల్లలతో ఎక్కడెక్కడో ఉన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చీ పెళ్ళి కాని నన్ను చూస్తే, ఆదివారం చర్చిలో ఆడవాళ్ళు పక్కకి జరిగి చోటిచ్చేవారు, మాట మాత్రం కలిపేవారు కాదు. ఇంట్లో అమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవాళ్ళం. రేడియోలో వార్తలు చదివే ఆవిడ మా ఇద్దరికంటే ఎక్కువ మాట్లాడేది. అప్పుడు పడ్డంత ఒంటరితనం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు. పరాయి ఊళ్ళో ఒంటరిగా ఉంటే ఆ ఊరిని తిట్టుకోవచ్చు. సొంత ఇంట్లో, కన్నతల్లి ఎదురుగా ఒంటరిగా ఉంటే ఎవర్ని తిట్టుకోను?

పొద్దున్నే ఎర్రబస్సెక్కేదాన్ని. ఒకరోజు కోటవురట్ల వైపు, ఒకరోజు రావికమతం వైపు. బస్సు దిగి చెరకు చేల గట్లమ్మట, జీడితోటల్లోంచి నడక. చేతిలో అట్ట, అట్టకి ఫారాలు. మలేరియా వాళ్ళు గోడల మీద వేసిన నంబర్లు చూసి ఇళ్ళు గుర్తుపట్టేదాన్ని. ఆ ఊళ్ళవాళ్ళు గోడలకి సున్నం వేసినా ఆ నంబరున్న చదరం మాత్రం వదిలేసేవారు, గవర్నమెంటు రాత చెరిపితే ఏమవుతుందోనని. తడిక దగ్గర నిలబడి ఫారంలో ఉన్న ప్రశ్నలు ఉన్నట్టే అడిగేదాన్ని. ఇంటి యజమాని ఎవరు? ఇంట్లో ఎవరెవరున్నారు, పేర్లేమిటి? పిల్లలెంతమంది? పుట్టినవాళ్ళలో ఎవరైనా పోయారా?

"ముగ్గురమ్మా. పోయినోళ్ళా? నేదు తల్లీ, దేవుడి దయ."

"నలుగురండి. ఎవులూ పోనేదండి."

నేను "లేరు" అన్న గడిలో టిక్కు పెట్టేదాన్ని. మంచినీళ్ళిచ్చేవారు, గానుగ ఆడే రోజులైతే వేడి బెల్లం చేతిలో పెట్టేవారు, డాట్రమ్మకి ఇంకా పెళ్ళెందుకవలేదని అడిగేవారు. అంతా సవ్యంగా సాగుతోందనుకున్నాను. ఇల్లలకగానే పండగవుతుందా?

ఫారాలన్నీ నింపి, కూడికలు వేసి, గుడ్డసంచీలో పెట్టుకుని విశాఖపట్నం పట్టుకెళ్ళాను. ప్రొఫెసరుగారు పట్టికలు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏమ్మా, మీ పల్లెల్లో పిల్లలు చావడం మానేశారా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నువ్వు అబద్ధం రాశావనను. నీకు నిజం చెప్పలేదంటాను. ఇది నేను సంతకం పెట్టి పంపలేను. వెళ్ళి మళ్ళీ అడుగు. ఆర్నెల్లు టైముంది. అప్పటికి తేలకపోతే ఈసారి పరీక్షకి నువ్వు లేవు."

పరీక్ష లేకపోతే డిగ్రీ లేదు. ఇంకో ఏడాది ఆగి, ఇంకో విషయం తీసుకుని, మళ్ళీ మొదటికి రావాలి. అది కూడా కాదు నా భయం. మళ్ళీ అదే తడిక దగ్గర నిలబడి అదే ప్రశ్న అడిగితే అదే జవాబు వస్తుంది. ఇంకెలా అడగాలో నాకు తెలీదు. బస్సులో నర్సీపట్నం దాకా ఏడుస్తూనే వచ్చాను. పక్క సీట్లో ఆవిడ జాలిపడి, "ఎవులు పోయేరమ్మా?" అంది. "ఎవరూ పోలేదండీ," అన్నాను. అదే కదా నా ఏడుపు!

ఇంటికొచ్చి సంచీ గోడకేసి కొట్టాను. ఫారాలు గదంతా చెల్లాచెదురయ్యాయి. అందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారని అరిచాను. అమ్మ కింద కూర్చుని ఒక్కొక్క కాగితమే ఏరి, అంచులు సర్ది దొంతర పెట్టింది. టీచరు కదా, నేల మీద కాగితం చూస్తే ఊరుకోలేదు. ఏరుతూ ఏరుతూ ఒకటి చదివింది.

"పిల్లలెంతమందని అడిగితే ఉన్నోళ్ళనే సెప్తారు," అంది.

"పోయారా అని కూడా అడిగానమ్మా!"

"పేరెట్టకముందు పోయినోళ్ళని ఎవులు లెక్కెడతారే? ఎన్ని పురుళ్ళు పోసుకున్నావని అడుగు. ఆనక, ఉయ్యాల ఎన్నిసార్లు కట్టేరని అడుగు. సావు మాట నువ్వెత్తకు."

మా వైపు పుట్టిన బిడ్డ ఇరవై ఒకటో రోజు బారసాల దాకా తల్లి పక్కన చాప మీదే ఉంటుంది. పేరు పెట్టిన రోజునే ఉయ్యాల. మా క్రైస్తవుల ఇళ్ళల్లో బారసాల లేకపోయినా, పాస్టరుగారు వచ్చి పేరు పెట్టి ప్రార్థన చేశాకే ఉయ్యాల కడతారు. ఆలోపు పోయిన బిడ్డ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు, బయటివాళ్ళు అడగరు. పిల్లలు ఎంతమందంటే ఆ బిడ్డ లెక్కలోకి రాదు, పోయినవాళ్ళు ఎవరంటే అందులోకీ రాదు. పురుళ్ళలోంచి ఉయ్యాలలు తీసేస్తే మిగిలేవాళ్ళే నేను వెతుకుతున్న పిల్లలు.

ఇంత తెలివైన ప్రశ్న మా డిపార్ట్‌మెంటులో ఎవరికీ తట్టలేదు. నీకెలా తెలుసమ్మా అని నేను అడగలేదు. బడిలో పిల్లల్ని చేర్పించడానికి ఇళ్ళన్నీ తిరుగుతుంది కదా, అలా తెలిసుంటుందిలే అనుకున్నాను. అడగాల్సింది అప్పుడే.

రెండోసారి మొదటి ఇంటికి వెళ్ళేసరికి, నాకు బెల్లం పెట్టిన ఆవిడే పేడతట్ట పట్టుకుని ఎదురొచ్చింది.

"ఎన్ని పురుళ్ళు పోసుకున్నావమ్మా?"

"ఆరు," అంది వెంటనే.

"ఉయ్యాల ఎన్నిసార్లు కట్టారు?"

తట్ట కింద పెట్టింది. "నాలుగు," అని నా మొహంలోకి చూసి, అరుగు మీద కూర్చుండిపోయింది. ఆ తర్వాత నేనేమీ అడక్కుండానే చెప్పింది. ఒక బిడ్డ ఏడో రోజున దవడలు బిగిసిపోయి పాలు పట్టలేకపోయింది. ఇంకో బిడ్డ చలికాలంలో పుట్టి, పుట్టిన మర్నాడే చల్లబడిపోయింది. "పాలు సేపుకొచ్చేసి రవిక తడిసిపోయేది తల్లీ. తాగే గుంట నేదు. ఇన్నేళ్ళలో ఎవులూ అడగనేదు, నువ్వడిగేవు," అంది.

తర్వాత ఇంటింటా అంతే. కొందరు నిలబడే చెప్పారు, కొందరు తలుపు వేసి చెప్పారు. ఒకావిడ, అత్తగారు వింటోందని, నన్ను నూతి దగ్గరికి తీసుకెళ్ళి చెప్పింది. వాళ్ళకి చెప్పుకోవడానికి నేను దొరికాను. విన్నదంతా మోసుకుని సాయంత్రం బస్సెక్కే నాకు మాత్రం ఎవరూ దొరకలేదు. ఇంటికొచ్చి చెప్పబోతే అమ్మ, "కాళ్ళు కడుక్కో," అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. తన ప్రశ్నకి వచ్చిన జవాబులు వినడానికి కూడా తీరిక లేదా ఈవిడకి అని ఒళ్ళు మండేది. కంచంలో సగం అన్నం అలాగే వదిలేసి లేచేదాన్ని. ఎదురుగా ఉన్న మనిషికి అది కనిపించలేదా అని ఇంకా మండేది.

రావికమతం వైపు ఒక పల్లెలో ఒక ముసలావిడ నా మొహం వాచేలా చీవాట్లు పెట్టింది. ఆవిడ మనవడి పేరులో తవుడు ఉంది. మా వైపు వీధికొకరికి అలాంటి పేరుంటుంది, తవుడు పేరో పెంట పేరో.

"ఈడి పేరు మొన్న కాయితంలో రాసుకున్నావు కదా," అంది. "మరి ఈడికి ముందు పోయినోళ్ళున్నారని తెలీనేదేటి? పోకపోతే ఈ పేరెందుకెడతాం? డాట్రు సదువు సదివేవట!"

వరసగా బిడ్డలు పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డని చేటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. పక్కింటివాళ్ళో ఎదురింటివాళ్ళో కాస్త తవుడిచ్చి కొనుక్కుంటారు. ఇక ఆ బిడ్డ కన్నవాళ్ళది కాదు, పైగా తవుడు పాటి చేసేది, అందుకని చావు దాని జోలికి రాదని నమ్మకం. ఇదేం నాకు తెలియని సంగతి కాదు, మా వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు. కానీ ఒక గడిలో తవుడు పేర్లు, పెంట పేర్లు నా చేత్తోనే రాసి, పక్క గడిలో "పోయినవారు లేరు" అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను. రెండు గడులూ కలిపి చదవడం ఈ తలకాయకి రాలేదు. ఆ జనం నాకు తెలుసట!

ఆర్నెల్లు నిండకుండానే ఫారాలు పూర్తయ్యాయి. ఈసారి ప్రొఫెసరుగారు పట్టికలన్నీ చివరిదాకా చూశారు. ఆ తర్వాత, "ఈ ఉయ్యాల ప్రశ్న ఎవరిది?" అన్నారు. మా అమ్మదని చెప్పాను. "ఆవిడ పేరు కృతజ్ఞతల్లో రాయి," అని సంతకం పెట్టారు.

బైండు చేయించిన కాపీ ఒకటి ఇంటికి తెచ్చాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక అమ్మ ముందు పెట్టి, తన పేరున్న పేజీ చూపించాను. "ఊఁ," అంది. ఇంగ్లీషు పేజీలన్నీ తిప్పుకుంటూ పోయి, చివర తెలుగులో ఉన్న ఫారం దగ్గర ఆగింది. తన రెండు ప్రశ్నలూ వేలు పెట్టి చదువుకుంది.

"అందర్నీ అడిగేవా?"

"అందర్నీ అడిగానమ్మా. ఒక్క ఇల్లు వదల్లేదు."

"ఈ ఇల్లు?"

"ఇది టౌను కదమ్మా. మన ఇల్లు లిస్టులో లేదు," అన్నాను. ఎండీ పరీక్షకి కూర్చోబోతున్నదాన్ని, అలాగే అన్నాను.

"అవున్లే," అని పుస్తకం మూసి, ఎంగిలి కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేను కాసేపు అక్కడే కూర్చున్నాను. మా అమ్మ ఏ మాటైనా ఒక్కసారే అంటుంది. తలెత్తితే దూలానికి ఆ రెండు కొక్కేలు. అప్పుడు ఎదురింటి మామ్మ గొంతు వినిపించింది నాకు, శేరు తవుడిచ్చి కొనుక్కున్నానని. లేచి పెరట్లోకి పరిగెత్తాను. అమ్మ నూతి దగ్గర కూర్చుని బూడిదతో కంచాలు తోముతోంది.

"అమ్మా, ఎన్ని పురుళ్ళు?"

తలెత్తలేదు. "నాలుగు."

"ఉయ్యాల?"

"ఒక్కసారి."

నేను నూతి గట్టు మీద కూర్చున్నాను. అమ్మ చేతులు కడుక్కోకుండానే చెప్పింది. మొదటిది ఆడపిల్ల, అయిదు రోజులు. రెండోది మగపిల్లాడు, పన్నెండు రోజులు. మూడోది మళ్ళీ ఆడపిల్ల, ఒక్క పూట. ముగ్గురూ పాస్టరుగారు వచ్చి పేరు పెట్టేలోపే పోయారు. నాన్నే గుడ్డలో చుట్టుకుని సమాధుల తోట గోడవారకి పట్టుకెళ్ళారట. రాళ్ళు లేవు. "పేరు నేనోళ్ళకి రాయి మీద ఏటి సెక్కిస్తాం?" అంది.

నేను పుట్టిన తొమ్మిదో రోజున, నాన్న డ్యూటీకి వెళ్ళాక ఎదురింటి మామ్మ వచ్చింది. ఈ గుంట దక్కాలంటే తనకి అమ్మెయ్యమంది.

"నాను బడిలో పిల్లలకి బైబిలు సెప్పేదాన్ని. ఇలాటియి సెయ్యకూడదని సెప్పేదాన్ని. ఆ నోటితోనే సరేనన్నాను. సేటలో ఏసి ఆ ముసల్దాని పెంటకుప్ప మీద నా సేతుల్తో ఎట్టేను నిన్ను. శేరు తవుడిచ్చి కొనుక్కుంది. ఆనక నా ఒళ్ళో ఏసి, నా గుంటని నువ్వు పెంచు అంది. మీ నాన్నకి సెప్పనేదు, సంఘంలో సెప్పనేదు. ఆ ముగ్గురి మాట నీకు సెప్తే, మరి నానొక్కర్తినే ఎలగ దక్కేనని నువ్వడుగుతావు కదా."

ఇన్నేళ్ళు నేను ఒక్కదాన్నేనని ఏడుస్తుంటే నోరు మూసుకుని ఎలా కూర్చున్నావని అరుద్దామనుకున్నాను. కానీ నేను తోడు లేదని ఏడ్చాను. ఆవిడకి ఏడవడానికి కూడా తోడు లేదు.

"ఆ తవుడేం చేశావే?" అన్నాను. ఇంకేం అడగాలో తోచలేదు.

"ముసల్దాని ఆవుకే ఎట్టీసేను," అంది.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చేశాను. అమ్మ ఏడవలేదు. కంచాలు కడిగి బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుని, నెమ్మదిగా అడిగింది.

"నీ లెక్కలో ఆల్లని కలపొచ్చా?"

కలపకూడదు. లిస్టులో లేని ఇల్లు కలిపితే మొత్తం లెక్క తప్పవుతుంది. ఆ చదువులో నాకు మొదట నేర్పింది అదే. ఆ మాట మా అమ్మతో చెప్పడం కంటే కష్టమైన పని నేను డాక్టరుగా ఎప్పుడూ చేయలేదు.

"తప్పయితే వొద్దులే," అంది.

ట్రంకుపెట్టెలో వాడని ఫారాలు మిగిలున్నాయి. ఒకటి తీసుకొచ్చి, ముందుగదిలో కొక్కేల కింద ఇద్దరం కూర్చున్నాం. పల్లెల్లో అందర్నీ అడిగినట్టే మొదటి ప్రశ్న నుంచి అడిగాను. ఇంటి నంబరు, ఇంటి యజమాని పేరు, ఇంట్లో ఎవరెవరు. అమ్మ ఒక్కొక్కటే చెప్పి, కళ్ళజోడు పెట్టుకుని నేను రాసింది సరిచూసింది. నేను పొరపాటున మొదటి బిడ్డ దగ్గర "మగ" అని రాస్తే, "ఆడపిల్ల. సరిగ్గా రాయి," అని కొట్టేయించింది. చివర సంతకం చోట, బడి రిజిస్టరులో పెట్టినట్టు గుండ్రంగా సంతకం పెట్టింది.

పురుళ్ళ వరసలో మొదటి మూడు గడుల్లో, పేరు రాయాల్సిన చోట గీతలు గీశాను. నాలుగో గడిలో నా పేరు రాసుకున్నాను.